బొమ్మల కథ గీద్దాం – 5వ పాఠం: శివారు చేను

పోయిన పాఠంలో గళ్ళు ఎలా విడగొట్టాలో, గడికీ గడికీ మధ్య ఎంత సందు వదలాలో చూశాం. ఈసారి కథలోకి రాజకీయం తెద్దాం. పార్టీ జెండాలే అక్కర్లేదు. నీళ్ళు ముందు ఎవరి చేలోకి పారాలన్నదీ రాజకీయమే. గోదావరి జిల్లాల వాళ్ళకి ఇది విడమరిచి చెప్పాలా?

ముందు ఒక అలవాటు మానేద్దాం: లావుపాటి నాయకుణ్ణి గీసి, పొట్ట మీద 'అవినీతి' అని రాసెయ్యడం. చదివేవాళ్ళకి కొత్తగా తెలిసేదేమీ ఉండదు, బొమ్మకి చేసే పనీ ఉండదు. 1941 మార్చి తేదీతో వచ్చిన 'కెప్టెన్ అమెరికా' కామిక్ మొదటి సంచిక అట్ట వెతికి చూడండి. హీరో హిట్లర్ దవడ మీద గుద్దుతుంటాడు. అమెరికా యుద్ధంలోకి దిగింది ఆ ఏడాది డిసెంబరులో. అంటే దేశం ఇంకా అటూ ఇటూ ఊగుతుండగానే, ఆ హీరోని సృష్టించిన జో సైమన్, జాక్ కిర్బీ తమ మాట తేల్చి చెప్పేశారు. ఇద్దరూ యూదు కుటుంబాల పిల్లలు. (నాకు మాత్రం గుద్దే బొమ్మ కన్నా లెక్క అడిగే బొమ్మే ఇష్టం.)

మనకి దగ్గరి పాఠం 2011లో వచ్చిన 'భీమాయన'. అంబేద్కర్ జీవితానికి దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే గోండు చిత్రకారులు బొమ్మలు గీశారు. అందులో మెత్తగా మాట్లాడేవాళ్ళ మాటల బుడగ పిట్ట ఆకారంలో ఉంటుంది. విషం కక్కేవాళ్ళ బుడగకి తేలు కొండి ఉంటుంది. ఫలానావాడు చెడ్డవాడని పక్కన వ్యాఖ్యానం అక్కర్లేదు. కొండి చాలు.

ఇక మన పని. ఫోన్లో చదివే కామిక్ పైనుంచి కిందికి జరుగుతుంది, కాలవా అంతే. మధ్య డెల్టా కాలవ బొబ్బర్లంక దగ్గర మొదలై కోనసీమలోకి దిగుతుంది. అందుకని ఈసారి గళ్ళు వెయ్యకండి. 800 పిక్సెళ్ళ వెడల్పులో పొడవాటి కాగితం తీసుకుని ఒకే ఒక్క కాలవ గియ్యండి. పైన తెర నిండా నీళ్ళు. ఒక్కో తూము దాటేసరికి కాస్త సన్నబడాలి. గట్టు మీద చేపల చెరువులకి నీళ్ళు తోడే ఇంజిన్లు, కాలవలోకి దించిన గొట్టాలు. లాకుల దగ్గర గేట్లు తిప్పే లస్కరు, "ఈ వేళ మీ వంతు కాదండి, ఎల్లుండండి" అంటుంటాడు. అట్టడుగున శివారు చేను, అంటే కాలవ చివరి చేను, బీటలు వారిన మడిలో ఎర్రబారిన దాళ్వా (రెండో పంట) నారు. తూముకీ తూముకీ మధ్య బొటనవేలు ఒకసారి పైకి తోసేంత ఖాళీ వదలండి. ఆ ఖాళీలోనే చదివేవాళ్ళకి ఎదురుచూపు తెలుస్తుంది.

చివర పెద్దాయన చేత ఏమనిపించాలి? తొందరగా తోచేది ఇదీ: "పైవాళ్ళు నీళ్ళన్నీ తోడేసుకుంటుంటే అధికారులు నిద్రపోతున్నారు! శివారు రైతుకి న్యాయం జరగాలి!" ఇది సెంటర్లో కట్టిన ఫ్లెక్సీలా ఉంది. కొట్టెయ్యండి. ఇలా రాసి చూడండి:

"ఏరా అబ్బాయ్, నీళ్ళొచ్చాయా?"

"ఫొటో వచ్చింది బాబాయ్. గేట్లెత్తారంట."

కుర్రాడి చేతిలో ఫోను, కాళ్ళ కింద బీటలు. పెద్దాయన మొహం గీయనక్కర్లేదు, తలపాగా వెనక నుంచి చాలు.

అసలు చిక్కు ఆ తేలు కొండి ఎవరి బుడగకి పెట్టాలన్నది. లస్కరుకి పెడితే కథ దారి తప్పుతుంది. అతను గేటు తిప్పే మనిషే కానీ, వంతులు రాసినవాడు కాదు. చెరువు రైతుకి పెట్టబుద్ధవుతుంది కానీ, అతని నెత్తిన మేత అప్పు ఎంతుందో మనం గీయలేదు. నన్నడిగితే మొదటి తూముకి పైన, తెర అంచున, ఇస్త్రీ చొక్కా చెయ్యి ఒకటి పెట్టండి. చేతిలో పెన్ను, మొహం ఉండదు. బుడగ ఖాళీ. కొండి దానికే.

అభ్యాసం: ముందు మాటల్లేకుండా మొత్తం గీసి, కథ తెలియనివాళ్ళకి చూపించండి. "నీళ్ళు ఎక్కడ ఆగాయి?" అని మాత్రం అడగండి. వేలు పెట్టి చూపించలేకపోతే కాలవ వెడల్పు సరిచెయ్యండి, మాటలు కలపకండి. వచ్చే పాఠంలో బతికున్న నాయకుడి ముక్కూ కళ్ళద్దాలూ గీద్దాం. పెన్సిలు మెత్తటిది తెచ్చుకోండి, చెరిపే పని ఎక్కువుంటుంది.