దూడల పెంపకం – 3వ పాఠం: చలి రాత్రి, పొడి పక్క

పోయిన పాఠంలో బొడ్డుకి టింక్చర్ అయోడిన్ పూయడం దాకా వచ్చాం. నెలగంట పెట్టాక సాలలో ఆవో గేదో ఈనినవాళ్లు ఈ పాఠం ఇవాళే చదవండి, సంక్రాంతి అయ్యాక చదివితే లాభం లేదు.

అప్పుడే పుట్టిన దూడ ఒంటికి హాయిగా ఉండేది 15 నుంచి 25 డిగ్రీల మధ్య. అంతకంటే చల్లబడితే వేడి పుట్టించుకోవడానికి తాగిన పాలు, ఒంట్లో ఉన్న కాస్త కొవ్వు కరిగించుకోవాలి. మహేంద్రగిరి కింద మందస, మెళియాపుట్టి వైపు ఊళ్లలో పుష్యమాసం తెల్లవారుజామున 15కి దిగువకి పోయే రోజులుంటాయి. మన చలి దుప్పటితో తీరిపోతుంది, దూడ చలి పాలతోనే తీరాలి.

అలాగని చలి అనగానే హడలిపోనక్కర్లేదు. కెనడాలో మైనస్ 20 డిగ్రీల్లో, చుట్టూ మంచు పేరుకున్న చోట, ఆరుబయటే ఒక్కో దూడకి ఒక్కో చిన్న గూడు పెట్టి పెంచుతారు. గూటికి తలుపుండదు, ముందువైపు తెరిచే ఉంటుంది. లోపల మాత్రం కాళ్లు కూరుకుపోయేంత ఎండుగడ్డి వేస్తారు, కడుపు నిండా పాలు పోస్తారు. అక్కడ అలా బతికే దూడ ఇక్కడ 16 డిగ్రీలకే వణుకుతోందంటే పక్క తడిసిందనో, కడుపు ఖాళీగా ఉందనో, గాలి సూటిగా కొడుతోందనో అనుకోవాలి.

ముందు పక్క సంగతి. నేల మీద రెండంగుళాల ఊక, దాని మీద జానెడు మందాన వరిగడ్డి పరవండి. దూడ పడుకున్నాక కాళ్లు గడ్డిలో మునిగి కనబడకుండా ఉంటే పక్క బాగున్నట్టు. కాళ్లు పూర్తిగా బయటికి కనబడుతున్నాయంటే ఇంకో మోపు వెయ్యాలి. పైకి పొడిగా ఉన్న గడ్డిని నమ్మకండి, అడుగున మూత్రం నిలిచి ఉంటుంది. గడ్డి మీద మోకాళ్లూని ఇరవై అంకెలు లెక్కపెట్టి లేవండి. పంచె తడిసిందా, గడ్డి మార్చాల్సిందే. మా ఇంట్లో ఈ పరీక్ష చూసి నవ్వనివాళ్లు లేరు. నవ్వితే నవ్వారు, పరీక్ష మాత్రం మానలేదు.

గాలి దగ్గర నేను దెబ్బతిన్నాను. ఒక ఏడు చలి ఎక్కువగా ఉందని సాల నాలుగు వైపులా బరకాలు కట్టేసి, దోమలకని లోపల పొగ కూడా పెట్టాను. తెల్లారేసరికి లోపల వెచ్చగానే ఉంది గానీ కళ్లు మండే ఘాటు. మనకి నిలబడితే తెలిసే ఘాటు, నేల మీద మూతి పెట్టుకుని పడుకునే దూడకి ఇంకెంత? నాలుగో రోజుకి దగ్గు, ముక్కు కారడం, తర్వాత ఊపిరితిత్తుల జబ్బు. అప్పట్నుంచీ ఉత్తరం, ఈశాన్యం వైపులు మాత్రమే, అదీ దూడ ఎత్తుకి మించి రెండు మూరల దాకా కడుతున్నాను. చలికాలం గాలి మనకి అటునుంచే. తూర్పు వైపు ఎండ రావాలి, పైన గాలి ఆడాలి. కళ్లంలో కట్టేవాళ్లు కనీసం చెట్టు కిందైనా కట్టండి, ఒంటి మీద మంచు పడకుండా ఉంటుంది.

ఇక పాలు. "మాయ పడకుండా తాగిస్తే మాయ లోపలే ఉండిపోద్దిరా బాబూ" అని మా అత్త ఇప్పటికీ అంటుంది. ఆవిడ మాట తీసెయ్యడం నాకు కష్టమే గానీ, జరిగేది దానికి తలకిందులు: దూడ చీకితేనే మాయ త్వరగా పడుతుంది. పుట్టిన గంటా రెండు గంటల్లోపు మొదటి విడత ముర్రుపాలు పడాలి. మొత్తం మీద మొదటి రోజు దూడ బరువులో పదో వంతు, అంటే 25 కిలోల దూడకి రెండున్నర లీటర్లు. గంటలు గడిచేకొద్దీ ఆ పాలలోని రోగనిరోధక శక్తిని దూడ పేగు పీల్చుకోలేదు, ఒక రోజు దాటితే దాదాపు మూసుకుపోతుంది. జున్ను ఇరుగుపొరుగుకి పంచడం మంచి మర్యాదే. దూడ వాటా తీశాకే పొయ్యి మీద పెట్టండి.

చలి ముదిరిన వారం రెండు పూటల పాలని మూడు పూటలు చేసి, రాత్రి పడుకునే ముందు ఒక విడత ఇవ్వండి. గోనెపట్టా కప్పితే మంచిదే. పొద్దెక్కగానే తీసి ఎండలో ఆరెయ్యాలి, తడి గోనె కంటే ఖాళీ ఒళ్లే నయం.

దూడ లేవకుండా ముడుచుకుని ఉంటే నోట్లో వేలు పెట్టి చూడండి. నోరు చల్లగా ఉండి, వేలు చీకకపోతే పాలు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు పొడి గోనెతో ఒళ్లు రుద్ది, వేడినీళ్ల సీసాలు గుడ్డలో చుట్టి పొట్ట పక్కన పెట్టండి. ఆలోగా 1962కి ఫోన్ చేసి డాక్టరుని పిలవండి. చీకడం మొదలెట్టాకే గోరువెచ్చని పాలు.

ఇవాళ్టి పని: రాత్రి తొమ్మిదికీ, తెల్లవారుజామున నాలుగుకీ రెండుసార్లు సాలలోకెళ్లి మోకాళ్ల పరీక్ష చెయ్యండి. రెండు వేళల్లో తేడా ఎంతుందో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠం ఏలికపాముల మీద, పదో రోజు మందు గురించి.