పల్స్ ఇస్తే ఆర్‌సి, ఆర్‌ఎల్ సర్క్యూట్లు ఏం చేస్తాయో ముందే గీసుకుని కొలవడం ఎలా?

"సార్, వేవ్‌ఫామ్ తప్పుగా వస్తోంది" అని ల్యాబ్‌లో ఎవరైనా పిలిస్తే నేను వెంటనే స్కోప్ (ఆసిలోస్కోప్, వోల్టేజీ కాలంతో ఎలా మారుతోందో గీసి చూపే పరికరం) స్క్రీన్ చూడను. పల్స్ వెడల్పు ఎంత, టౌ ఎంత అని అడుగుతాను. టౌ అంటే టైమ్ కాన్‌స్టంట్, సర్క్యూట్ ఎంత వేగంగా స్పందిస్తుందో చెప్పే సమయం. ఆ రెండూ తెలిస్తే స్క్రీన్ మీద ఏం రావాలో కాగితం మీద ముందే గీసెయ్యొచ్చు. తెలియకపోతే ఏదొస్తే అదే కరెక్టు అనుకోవాల్సి వస్తుంది. అందుకే నా దగ్గర పెన్సిల్ ముందు, ప్రోబ్ (సర్క్యూట్‌కి తగిలించే స్కోప్ తీగ) తర్వాత.

ముందు ఆర్‌సి, అంటే రెసిస్టర్, కెపాసిటర్ సర్క్యూట్. 10 కిలో ఓమ్స్ రెసిస్టర్, 10 నానోఫారడ్ కెపాసిటర్ తీసుకోండి. రెండూ గుణిస్తే టౌ 100 మైక్రోసెకన్లు. లెక్క నోటితోనే తేలిపోతుందనే ఈ విలువలు ఎంచుకున్నాను. కెపాసిటర్ ఫిల్మ్ రకమైతే మేలు. సిరామిక్‌లో కొన్ని రకాలు డీసీ పడగానే తమ విలువ తగ్గించుకుంటాయి, తర్వాత లెక్క కుదరక తల పట్టుకోవాలి. రెసిస్టర్‌ని జనరేటర్ వైపు, కెపాసిటర్‌ని గ్రౌండ్ వైపు పెట్టండి.

ఫంక్షన్ జనరేటర్‌లో 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్, 0 నుంచి 5 వోల్టుల వరకు. అంటే 5 వోల్టుల పీక్ టు పీక్, 2.5 వోల్టుల ఆఫ్‌సెట్. అవుట్‌పుట్ లోడ్ సెట్టింగ్ 50 ఓమ్స్ మీద ఉంటే హై జెడ్‌కి (లోడ్ దాదాపు లేనట్టు లెక్కించే సెట్టింగ్) మార్చండి, లేకపోతే డిస్‌ప్లేలో 5 అని ఉన్నా స్కోప్‌లో 10 కనిపిస్తుంది. స్కోప్ ఛానల్ డీసీ కప్లింగ్‌లోనే (సిగ్నల్‌ని ఉన్నదున్నట్టు తీసుకునే సెట్టింగ్) ఉండాలి. ఏసీ కప్లింగ్ పెడితే స్కోప్ లోపలి కెపాసిటర్ కూడా మన సర్క్యూట్‌లో చేరినట్టే. నెమ్మది పల్స్‌ల పైభాగం చదునుగా ఉండాల్సింది ఏటవాలుగా వస్తుంది. ప్రోబ్ 10 ఎక్స్‌లో (సిగ్నల్‌ని పదో వంతు చేసి పంపే స్థానం) పెట్టి, స్కోప్ ముందున్న కాలిబ్రేషన్ పిన్‌కి తగిలించి, మూలలు సరిగ్గా చతురస్రంగా వచ్చేవరకు ప్రోబ్ మీది చిన్న స్క్రూ తిప్పండి. చాలామంది ఈ పని ఎగ్గొడతారు. మనం కొలవబోయేదే అంచుల (పల్స్ లేచే, పడే చోట్ల) ఆకారం, ప్రోబే అంచుల్ని చెడగొడుతుంటే ఇంక కొలిచేదేముంది?

ఇప్పుడు కాగితం. ప్రతి అంచు దగ్గరా మూడు విషయాలు రాసుకోండి: మొదలు ఎక్కడ, గమ్యం ఎక్కడ, టౌ ఎంత. కెపాసిటర్ మీద వోల్టేజీ ఒక్కసారిగా దూకదు కాబట్టి అంచుకి ముందు ఎంత ఉందో అదే మొదలు. ఇక మిగతాదంతా ఒకే సూత్రం:

ఆ క్షణపు వోల్టేజీ = గమ్యం + (మొదలు − గమ్యం) × ఇ^(−టి/టౌ)

ఇక్కడ టి అంటే అంచు నుంచి గడిచిన సమయం, ఇ అంటే దాదాపు 2.718.

ఒక టౌ గడిస్తే 63 శాతం దారి అయిపోతుంది. రెండుకి 86, మూడుకి 95, నాలుగుకి 98, అయిదుకి 99 దాటుతుంది. 1 కిలోహెర్ట్జ్‌లో సగం సైకిల్ 500 మైక్రోసెకన్లు, అంటే సరిగ్గా అయిదు టౌలు. కాబట్టి 0 నుంచి బయలుదేరి 5కి చేరిపోతుంది, మళ్లీ దిగేటప్పుడు 0కి చేరిపోతుంది.

టౌ కొలవడానికి మాన్యువల్స్‌లో 63.2 శాతం దగ్గర, అంటే 3.16 వోల్టుల దగ్గర కర్సర్ పెట్టమంటారు. నేను సగం దగ్గర పెడతాను. 2.5 వోల్టులకి చేరడానికి పట్టిన సమయాన్ని 1.44తో గుణిస్తే టౌ వచ్చేస్తుంది. సగం గీతను గ్రిడ్ మీద కంటితోనే పట్టుకోవచ్చు, పైగా అక్కడ వంపు ఇంకా నిటారుగా ఉంటుంది కాబట్టి కర్సర్ కాస్త అటూ ఇటూ అయినా సమయంలో తేడా తక్కువ. మన సర్క్యూట్‌కి 69 మైక్రోసెకన్లు రావాలి. 75 వస్తే కంగారు పడొద్దు, 10 శాతం టాలరెన్స్ కెపాసిటర్‌తో అది మామూలే.

తర్వాత రెసిస్టర్ మీద వోల్టేజీ. ఇక్కడ ప్రోబ్ రెండు కొనల్నీ రెసిస్టర్‌కి అటూ ఇటూ తగిలించకండి. స్కోప్ గ్రౌండ్, జనరేటర్ గ్రౌండ్ సాధారణంగా రెండూ ఎర్త్‌లోనే కలుస్తాయి. గ్రౌండ్ క్లిప్ మధ్య జాయింట్ మీద పడితే కెపాసిటర్ షార్టయిపోతుంది. రెసిస్టర్‌ని కిందకీ కెపాసిటర్‌ని పైకీ మార్చండి, లేదా రెండు ఛానళ్లు పెట్టి స్కోప్ మ్యాథ్ ఫంక్షన్‌లో తేడా తీయండి. పల్స్ పైకి లేచినప్పుడు 5 వోల్టుల ముల్లు, పడినప్పుడు మైనస్ 5 వోల్టుల ముల్లు కనిపిస్తాయి. జనరేటర్ సున్నా కిందకి ఎప్పుడూ వెళ్లలేదు కదా, మైనస్ ఎక్కడిదని అడగని బ్యాచ్ లేదు. కెపాసిటర్ 5 వోల్టులు పట్టుకుని కూర్చుంది. జనరేటర్ వైపు కాలు ఒక్కసారిగా సున్నాకి పడిపోయింది. రెండు కాళ్ల మధ్య తేడా అప్పటికప్పుడు మారదు కాబట్టి, రెండో కాలు సున్నాకన్నా 5 కిందకి పోవాల్సిందే.

ఫ్రీక్వెన్సీ 5 కిలోహెర్ట్జ్ చేసి, మళ్లీ కెపాసిటర్ వోల్టేజీకి రండి. నాకు ఇష్టమైన భాగం ఇదే. సగం సైకిల్ ఇప్పుడు ఒక్క టౌ. మొదటి పల్స్‌లో 3.16కి చేరుతుంది, దిగేటప్పుడు 1.16 దగ్గరే ఆగిపోతుంది. రెండో పల్స్ సున్నా నుంచి కాదు, ఆ 1.16 నుంచి మొదలవుతుంది కాబట్టి 3.59 దాకా పోతుంది, మళ్లీ 1.32కి దిగుతుంది. ఇలా మెల్లగా పైకి జరుగుతూ 3.66, 1.34 మధ్య కుదురుకుంటుంది. స్కోప్ మామూలుగా చూపించేది ఈ కుదురుకున్న బొమ్మనే. మొదటి మెట్లు చూడాలంటే జనరేటర్‌ని బర్స్ట్ మోడ్‌లో (కొన్ని పల్స్‌లు ఇచ్చి ఆగే పద్ధతి), స్కోప్‌ని సింగిల్ ట్రిగ్గర్‌లో (ఒక్కసారి పట్టి నిలిపే పద్ధతి) పెట్టాలి. 50 కిలోహెర్ట్జ్‌కి వెళ్తే 2.5 వోల్టుల చుట్టూ పావు వోల్టు ఊగే త్రికోణం మిగులుతుంది.

ఇక ఆర్‌ఎల్, అంటే రెసిస్టర్, ఇండక్టర్ (కాయిల్) సర్క్యూట్. ఇండక్టర్‌కి కథ అదే, కాకపోతే ఇక్కడ ఒక్కసారిగా దూకనిది కరెంటు. టౌ అంటే ఎల్‌ని (ఇండక్టెన్స్) ఆర్‌తో (మొత్తం రెసిస్టెన్స్) భాగించడం. 10 మిల్లీహెన్రీ, 1 కిలో ఓమ్ పెట్టి 10 మైక్రోసెకన్లని రాసేస్తే పొరపాటే. జనరేటర్ లోపలి 50 ఓమ్స్, కాయిల్ తీగ రెసిస్టెన్స్ కూడా కలపాలి. తీగ 30 ఓమ్స్ అయితే మొత్తం 1080, టౌ 9.3. జనరేటర్ 10 కిలోహెర్ట్జ్‌లో పెట్టి చూస్తే రెసిస్టర్ మీద వోల్టేజీ 4.63 దగ్గరే ఆగడానికీ కారణం ఇదే.

చివరగా అదే కాయిల్, అదే కెపాసిటర్ సిరీస్‌లో పెట్టి, జనరేటర్ మళ్లీ 1 కిలోహెర్ట్జ్‌కి తెండి. మొత్తం రెసిస్టెన్స్ 200 ఓమ్స్ ఉంటే కెపాసిటర్ వోల్టేజీ 5 దగ్గర ఆగకుండా దాదాపు 8.6 దాకా ఎగిరి, 63 మైక్రోసెకన్ల పీరియడ్‌తో ఊగుతూ చల్లారుతుంది. స్కోప్ స్కేల్ ముందే పెంచుకోండి. ఇప్పుడు రెసిస్టర్ బదులు 5 కిలో ఓమ్స్ పాట్ (తిప్పి విలువ మార్చగలిగే రెసిస్టర్) పెట్టి, ఎగుదల (5 దాటి పైకి పోవడం) పోయేవరకు తిప్పండి. క్రిటికల్ డ్యాంపింగ్‌కి (ఊగకుండా వీలైనంత త్వరగా గమ్యం చేరే స్థితి) మొత్తం 2000 ఓమ్స్ రావాలి. పాట్ ఊడదీసి కొలిచి, జనరేటర్‌వీ కాయిల్‌వీ కలిపితే చాలామందికి 1600 దగ్గరే తేలుతుంది. అక్కడ మిగిలే ఎగుదల 1.5 శాతమే, 76 మిల్లీవోల్టులు. డివిజన్‌కి 1 వోల్టు స్కేల్లో అది కంటికి ఆనదు. డివిజన్‌కి 50 మిల్లీవోల్టులు పెట్టి, 5 వోల్టుల గీతను పొజిషన్ నాబ్‌తో స్క్రీన్ మధ్యకి తెచ్చి, అప్పుడు మళ్లీ తిప్పండి.