పాత బావి, మూసిన గని దగ్గర గ్యాస్ మీటర్: అంకె తేడాగా ఉంటే ఏం చూడాలి

కడప జిల్లా రాతిలో బొగ్గు పొరల్లేవు. సింగరేణిలో మాదిరిగా బొగ్గు నుంచి మీథేన్ (మండే వాయువు) ఊరదు. పులివెందుల వైపు పాత ముగ్గురాయి, రాతినార గనుల్లోనైనా, పాడుబడ్డ దిగుడు బావుల్లోనైనా అది పుట్టేది చెత్త, మురుగు, నానిన కట్టె కుళ్లడం వల్ల. ఆ కుళ్లే ఆక్సిజన్‌ను తగ్గించి కార్బన్ డయాక్సైడ్‌ను పెంచుతుంది. బావిలో దిగిన మనిషి కుప్పకూలేది ఎక్కువగా దీనివల్లే. అందుకే మీటర్‌లో ముందు ఆక్సిజన్ అంకె చూడండి, తర్వాతే మీథేన్.

మీథేన్ సున్నా, ఆక్సిజన్ బాగా తక్కువ
ఆ సున్నాను నమ్మొద్దు. మామూలు నాలుగు వాయువుల మీటర్‌లో (ఆక్సిజన్, మీథేన్ లాంటి మండే వాయువు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ చూపేది) మీథేన్ సెన్సర్ వాయువును లోపల మండించి కొలుస్తుంది. ఆక్సిజన్ 10 శాతం లోపుంటే మంట సరిగా సాగదు, అంకె తప్పు వస్తుంది. అలాంటి చోట ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ ఉన్న మీటరే వాడాలి.

మీథేన్ అంకె ఒక్కసారిగా ఎగిరి, మళ్లీ పడిపోయింది
గ్యాస్ పోయిందనుకుంటారు. నిజానికి 15 శాతం దాటి, మండడానికి గాలి చాలక సెన్సర్ చతికిలపడి ఉండొచ్చు. మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య పేలుతుంది. మీటర్‌లో 100 శాతం ఎల్‌ఈఎల్ (పేలడానికి చాలిన కనీస మోతాదు) అంటే ఆ 5 శాతమే. బీడీ, మోటారు స్విచ్, లాంతరు ఏవీ వద్దు. జనాన్ని దూరం పంపండి.

అలారం మోగలేదు, ఆక్సిజన్ మాత్రం 20.9 నుంచి 19.9కి దిగింది
అన్నిటికంటే మోసపోయేది ఇక్కడే. గాలిలో ఆక్సిజన్ ఐదో వంతే. వేరే వాయువు చేరి అది 1 శాతం తగ్గిందంటే, ఆ వాయువు సుమారు 5 శాతం ఉందన్నమాట. అది కార్బన్ డయాక్సైడ్ అయితే 4 శాతానికే ప్రాణాపాయం. ఆక్సిజన్ అలారం మాత్రం 19.5 దాకా పలకదు. నాలుగు వాయువుల మీటర్లు చాలావరకు కార్బన్ డయాక్సైడ్‌ను చూపవు. దానికి వేరే సెన్సర్ కావాలి. లేకపోతే 20.9 కంటే తగ్గిన ప్రతిసారీ దిగడం ఆపాలి.

పైన బాగుంది, అడుగున తెలియదు
మీథేన్ తేలిక, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ బరువు. కాబట్టి పైన, నడుమ, అడుగున మూడు చోట్లా కొలవాలి. మీటర్ పంపు గాలిని పీల్చే గొట్టానికి ప్రతి మీటరు పొడవుకో టేపు గుర్తు చుట్టి, కొసకు నీళ్లు ఆపే ఫిల్టర్, చిన్న బరువు కట్టి దించండి. కొస నీటికి ఒక అడుగు పైన ఆగాలి. గొట్టం పొడవు ఒక్కో మీటరుకు 6 సెకన్ల చొప్పున, ఆపైన 2 నిమిషాలు ఆగి అంకె చదవండి. దించే ముందు కొసను వేలితో మూయండి. పంపు అడ్డంకి అలారం మోగకపోతే ఎక్కడో లీకుంది, మీరు కొలిచేది ఒడ్డు మీది గాలే.

నిన్న బాగుంది, ఈరోజు చెడింది
బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టినప్పుడు గాలి పీడనం తగ్గి, నేల లోపలి వాయువు బయటికి వస్తుంది. ముసురు రోజుల్లో తప్పక కొలవాలి. బావిని కడప బండలతో పూర్తిగా కప్పినా వాయువు లోపలే నిలుస్తుంది.

బయట గాలిలోనే 20.9 రావడం లేదు
ట్రాక్టర్ పొగ దగ్గర సున్నా సెట్ చేసి ఉంటారు, లేదా ఆక్సిజన్ సెన్సర్ ఆయుష్షు తీరి ఉంటుంది (చాలావాటికి రెండేళ్లే). మే ఎండలో బండి సీటు మీద వదిలేసినా దెబ్బతింటుంది. సిలికోన్ స్ప్రే తగిలితే మీథేన్ సెన్సర్ చచ్చిపోతుంది, పైకి మాత్రం సున్నా చూపిస్తూనే ఉంటుంది. వాడే రోజున పరీక్ష గ్యాస్ (పాళ్లు ముందే తెలిసిన గ్యాస్) పట్టి చూడటం ఒక్కటే దారి.

గాలి ఎలా మార్చాలి
బ్లోయర్‌ను ఒడ్డున, గాలి వచ్చే వైపు పెట్టి, డక్టును (గాలి పోయే పెద్ద గొట్టాన్ని) అడుగు దాకా దించి మంచిగాలి ఊదండి. లోపలి గాలిని పీలిస్తే మీథేన్ ఫ్యాన్ మోటారులోకే వస్తుంది. 3 మీటర్ల వెడల్పు, 15 మీటర్ల ఖాళీ లోతున్న గుండ్రటి బావిలో సుమారు 106 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. గంటకు 1000 ఘనపు మీటర్లు ఊదే బ్లోయర్‌తో ఏడుసార్లు మారడానికి 45 నిమిషాలు పడుతుంది. డీజిల్ ఇంజను బావిలోకి దించొద్దు, దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. బ్లోయర్ ఆపి పావుగంట తర్వాత మళ్లీ కొలవండి. అంకెలు మళ్లీ చెడితే వాయువు ఇంకా ఊరుతోందని అర్థం. మనిషి లోపలున్నంతసేపూ బ్లోయర్, మీటర్ రెండూ నడవాలి. ఎవరైనా లోపల పడిపోతే వెంట దిగకుండా ఊదుతూనే 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.