తిరుపతి, చిత్తూరు ఆకాశంలో ఆండ్రోమెడా గెలాక్సీని ఎలా చూడాలి?

టెలిస్కోపు అక్కర్లేదు. 7×50 లేదా 10×50 బైనాక్యులర్ (7 లేదా 10 రెట్లు పెద్దగా చూపేది, ముందు కటకం 50 మిల్లీమీటర్లు) చాలు. చీకటి మాత్రం కావాలి.

ఆకాశంలో విడివిడి చుక్కలుగా కనిపించే నక్షత్రాలన్నీ మన గెలాక్సీ (నక్షత్రాల మహా గుంపు) అయిన పాలపుంతలోనివే. దాని వెడల్పు సుమారు లక్ష కాంతి సంవత్సరాలు (కాంతి ఏడాదిలో వెళ్ళే దూరం ఒక కాంతి సంవత్సరం). ఆండ్రోమెడా దానికి ఎంతో ఆవల, 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అది వేరే గెలాక్సీ అని, ఖగోళ శాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్ 1923లో అందులో గుర్తించిన, వెలుగు ఒక లయలో పెరిగి తగ్గే ఒక నక్షత్రం దూరాన్ని బట్టి తేలింది.

నవంబరు మధ్యలో రాత్రి 9 గంటలకు అది ఉత్తరాన 62 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. కానీ మనకవి ఈశాన్య రుతుపవనాల రోజులు, మబ్బులు వదలవు. జనవరి మొదటి వారాలే మేలు: రాత్రి 7:15కి పూర్తిగా చీకటి పడేసరికి ఇంకా బాగా ఎత్తులోనే ఉంటుంది. బహుళ అష్టమి నుంచి అమావాస్య మర్నాటి దాకా ఆ వేళ చంద్రుడి బెడద ఉండదు.

తిరుపతి వాళ్ళు పీలేరు వైపు ఊళ్ళకు వెళితే నగరం వెలుగు తూర్పున ఉండిపోతుంది. శేషాచలం అడవి అంచుల్లోగానీ, పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు తిరిగే పొలాల్లోగానీ రాత్రిపూట నిలబడొద్దు. ఊళ్ళో తెలిసినవాళ్ళ మిద్దె చాలు. వీధిదీపం, బోరు షెడ్డు బల్బు కంట్లో పడకూడదు. అరగంట సేపు ఫోను తీయకండి. ఒక్కసారి తెర చూస్తే చీకటికి అలవాటుపడిన కన్ను మళ్ళీ మొదటికొస్తుంది.

జనవరిలో ఆ 7:15 వేళకు పడమరకు తిరిగి తల బాగా ఎత్తండి. పూర్వాభాద్ర చుక్కలు రెండు, ఉత్తరాభాద్ర చుక్కలు రెండు కలిసి పెద్ద చతురస్రంలా ఉంటాయి. కుడివైపు పై మూల చుక్క నుంచి పైకి రెండో చుక్క కాస్త ఎర్రగా ఉంటుంది, అదే మీరాక్. అక్కడి నుంచి కుడికి తిరిగి రెండు మసక చుక్కలు దాటండి. రెండోదాని పక్కనే, బైనాక్యులర్ చూపులో ఇమిడేంత దగ్గరగా, బూడిదరంగు మచ్చ ఉంటుంది.

కనపడకపోతే ముందు ఫోకస్ చూడండి: దగ్గరి చుక్కలు సూదిమొనలా ఉండాలి, మచ్చ మాత్రమే మసకగా ఉండాలి. చేతులు వణికితే మోచేతులు పిట్టగోడకు ఆనించండి. మచ్చ మీద కాక కొంచెం పక్కకు చూపు నిలిపితే బాగా తేలుతుంది, ఎందుకంటే మందవెలుగును పట్టే కణాలు కంటి మధ్యభాగంలో ఉండవు. ఆ కణాలకు రంగు తెలియదు కాబట్టి ఫోటోల్లోని నీలం, గులాబి ఆశించకండి. ఆకాశంలో గెలాక్సీ పూర్తి పొడవు ఆరు చందమామలు వరసగా పెట్టినంత. మనకు దొరికేది మధ్య భాగం. జూమ్ పెంచితే ఆ వెలుగు పరుచుకుపోయి ఇంకా వెలిసిపోతుంది.

ఆ వెలుగు వేల కోట్ల నక్షత్రాలది. వాటితోపాటు వాయువు, ధూళి ఉంటాయి. కంటికి కనిపించనిది ఇంకా ఎక్కువ: ఖగోళ శాస్త్రవేత్తలు వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ 1970లో ఇదే గెలాక్సీని కొలిచినప్పుడు, అంచుల్లోని వాయుమేఘాలు అనుకున్నంత నెమ్మదిగా తిరగడం లేదని తెలిసింది. అంటే కనిపించేదానికి మించి ఏదో వాటిని లాగుతోంది. కృష్ణ పదార్థం (వెలుగివ్వకుండా గురుత్వంతో లాగే పదార్థం) ఉందనడానికి ఇలాంటి కొలతలే పెద్ద ఆధారం.

గెలాక్సీ మధ్యలోని కృష్ణబిలం (లోపల పడితే వెలుగునైనా వదలని బ్లాక్ హోల్) అన్నిటినీ మింగేయదా అని పిల్లలు అడుగుతారు. మింగదు. పాలపుంత కేంద్రంలోనిది 40 లక్షల సూర్యుల బరువే అయినా, మొత్తం గెలాక్సీ ముందు అది చాలా చిన్నది. 26 వేల కాంతి సంవత్సరాల దూరంలోని సూర్యుణ్ణి కక్ష్యలో తిప్పుతున్నది లోపలి పదార్థమంతా కలిసి లాగే లాగుడు.