బావి క్రేన్‌లో మిలటరీ జీపు భాగాలను ఎలా గుర్తించాలి?

దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి వైపు రాతినేలల్లో పెద్ద వ్యవసాయ బావులు తవ్వడానికి, పూడిక తీయడానికి వాడిన క్రేన్లు బోర్లు వచ్చాక చాలావరకు మూలపడ్డాయి. పాత వాహనాల గేర్‌బాక్సు, ఇరుసు కలిపి స్థానిక మెకానిక్కులు కట్టిన యంత్రాలివి. కొన్నింటిని ‘మిలటరీ డిస్పోజల్’ సరుకని, అంటే సైన్యం వాడి వేలంలో అమ్మేసిన వాహనాల భాగాలని చెబుతారు. నిజమో కాదో పాత ఇనుము కింద తూకానికి వేయకముందే తేల్చుకోవాలి. కట్టర్ పెట్టాక తేల్చడానికి ఏమీ మిగలదు. ఇలాంటి యంత్రం మొత్తానికి ఒకే పుట్టుక ఉండదు కాబట్టి ఒక్కో భాగాన్నీ విడిగా పరీక్షించాలి.

ముందుగా ఇంజను ఆపి, బొక్కెనను నేల మీదికి దించి, ఇనుప తాడును వదులు చేయండి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ దుమ్మును ఊదకుండా తడిగుడ్డతో తుడవండి. డీజిల్ ఇంజను తర్వాత అమర్చినదే అయి ఉండవచ్చు కనుక దాన్ని సాక్ష్యంగా తీసుకోకండి.

తర్వాత ఎవరికీ కనిపించని మూలలో రంగు కొద్దిగా గీకి చూడండి. అడుగున మిలటరీ పచ్చ తేలితే అది సూచన మాత్రమే. రంగు ఎవరైనా వేయగలరు. సైన్యపు పాత నంబరు ఆనవాలు దొరికితే విలువ ఎక్కువ: పైకి చూసే బాణం గుర్తు, దాని పక్కన వాహనం సైన్యంలో చేరిన సంవత్సరాన్ని తెలిపే రెండు అంకెలు ఉంటాయి.

ఇక పానాలు తీయండి. అమెరికన్ జీపు బోల్టులు అంగుళాల కొలతవి. బోల్టు తల 9/16 అంగుళం అంటే 14.3 మిల్లీమీటర్లు కాబట్టి 14 పానా ఎక్కదు, 15 జారుతుంది. జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో 1959 నుంచి జబల్‌పూర్‌లో తయారైన శక్తిమాన్ లారీ, నిస్సాన్ నమూనాతో అక్కడే 1969 నుంచి చేసిన జోంగా అనే సైనిక వాహనం మిల్లీమీటర్ల కొలతవి. తల 3/4 అంగుళం ఉన్న బోల్టుతో మాత్రం ఈ పరీక్ష చేయకండి. దానికి 19 పానా సరిపోతుంది. బోల్టు తలల మీద, భాగాల మీద ‘ఎఫ్’ అక్షరం కనిపిస్తే రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫోర్డ్ చేసిన జీపును అనుమానించవచ్చు. ఒక్క బోల్టు చాలదు, బోల్టులు యంత్రాలు మారుతూ ఉంటాయి. చాలాచోట్ల ఆ గుర్తు ఉండాలి.

అన్నిటికంటే ఎక్కువ చెప్పేది ఇరుసు. తాడు చుట్టుకునే డ్రమ్మును చక్రం స్థానంలో బిగిస్తారు. కొందరు రెండో వైపును కదలకుండా కట్టేస్తారు, కొందరు డిఫరెన్షియల్ (రెండు చక్రాలు వేర్వేరు వేగంతో తిరగడానికి ఇరుసు మధ్యలో ఉండే పళ్లచక్రాల అమరిక) లోపలి పళ్లను వెల్డింగ్ చేస్తారు. గేర్‌బాక్సు నుంచి షాఫ్టును విడదీసి, సుద్దతో గుర్తు పెట్టి, డ్రమ్మును 10 చుట్లు తిప్పండి. ఈలోగా షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో మరొకరు లెక్కపెట్టాలి. పళ్లు వెల్డింగ్ అయి ఉంటే, సుమారు 49 చుట్లు వచ్చినప్పుడు ఇరుసు నిష్పత్తి (డ్రమ్ము ఒక్క చుట్టుకు షాఫ్టు తిరిగే చుట్లు) 4.88, అంటే యుద్ధకాలపు విల్లీస్ లేదా ఫోర్డ్ కంపెనీ జీపుది. 54 దగ్గర ఆగితే 5.38, యుద్ధం తర్వాత పౌరుల కోసం చేసిన విల్లీస్ జీపుది. వెల్డింగ్ లేకుండా రెండో వైపు కట్టేసి ఉంటే ఈ లెక్కలు సగానికి, అంటే 24, 27 దగ్గరికి పడిపోతాయి. ఈ తేడా మరిచిపోతే అసలైన జీపు ఇరుసును కాదని తోసేస్తారు! పళ్లచక్రాలు మార్చిన ఇరుసులూ ఉంటాయి కాబట్టి నిష్పత్తిని మిగతా గుర్తులతో పోల్చండి.

చక్రాలు మిగిలి ఉంటే 5 బోల్టుల వలయం వ్యాసం కొలవండి. జీపుకు అది ఐదున్నర అంగుళాలు. రెండు ముక్కలను బోల్టులతో కలిపిన రిమ్ము యుద్ధకాలపు జీపుకు బలమైన గుర్తు. టైరులో గాలి ఉండగా ఆ బోల్టులను ముట్టుకోవద్దు. రిమ్ము ఎగిరి ప్రాణం తీయగలదు.

ఛాసిస్ ముక్కను కూడా క్రేన్‌లో వాడి ఉంటే ఎడమ పట్టీని (ఛాసిస్ పక్కన పొడవునా ఉండే ఇనుప దూలాన్ని) శుభ్రం చేయండి. ఫోర్డ్ జీపుకు ఇంజను దగ్గర పట్టీ పైభాగంలోనే నంబరు కొట్టి ఉంటుంది. విల్లీస్‌కు ముందు బంపరు వెనుక, పట్టీ లోపలి వైపు చిన్న రేకు మీద ఉంటుంది. తుప్పును గ్రైండరుతో తీయకండి, అంకెలూ పోతాయి. కిరోసిన్, మెత్తని బ్రష్షు చాలు.

చివరగా ప్రతి భాగం పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, ఎక్కడ దొరికిందో, ఏ గుర్తు కనిపించిందో రాసి పెట్టండి. వేలంలో కొన్న నాటి కాగితం యజమాని ఇంట్లో ఉంటే దాన్నీ ఫొటో తీయండి. క్రేన్ కట్టిన మెకానిక్ బతికే ఉంటే, ఏ భాగాన్ని ఎక్కడి నుంచి తెచ్చారో ఆయన నోటితోనే చెప్పించుకుని రికార్డు చేయండి.