ఆర్‌పీఎల్ పరీక్షకు వెళ్లే ముందు

హైదరాబాద్ బాలానగర్‌లో ఇరవై ఏళ్లు లేత్ మెషీన్ మీద పనిచేసినా చేతిలో ఒక్క కాగితం లేనివాళ్లు ఎందరో. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఆర్‌పీఎల్ (రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్, అంటే ముందే నేర్చుకున్న పనికి గుర్తింపు) ఉన్నది వాళ్ల కోసమే. వచ్చిన పనినే పరీక్షించి, పాసైతే సర్టిఫికెట్ ఇస్తారు. వెళ్లేముందు ఇవి చూసుకోండి.

• ఆధార్‌లో, బ్యాంకు పాస్‌బుక్‌లో పేరు ఒకేలా ఉందా? మా తమ్ముడికి ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక. సరిచేయించేసరికి రెండు వారాలు పోయాయి.

• ఆధార్‌కు లింకైన ఫోన్ దగ్గరుంచుకోండి.

• ఏ జాబ్ రోల్‌కు పేరిచ్చారో ముందే అడిగి, దాని క్వాలిఫికేషన్ ప్యాక్ (ఆ పనికి ఏమేం రావాలో రాసిన పత్రం) ఎవరిచేతనైనా చదివించుకోండి. మనవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. పని వస్తుంది, దాని పేరు రాదు. వెర్నియర్ అనే కొలత పరికరంతో కొలవడం మీకు మంచినీళ్లు తాగినంత సులువు. కానీ ‘దీని లీస్ట్ కౌంట్ (అది కొలవగల అతి చిన్న కొలత) ఎంత?’ అంటే ‘0.02 మిల్లీమీటర్లు’ అని నోటితో చెప్పగలగాలి. ఇంట్లో పిల్లల ముందు రెండుసార్లు చెప్పి చూడండి, టెన్షన్ తగ్గుతుంది.

• అనుభవ పత్రం మీద తేదీలు, ముద్ర ఉండాలి. షాపు మూతపడిందా? పాత ఈఎస్‌ఐ కార్డు, పీఎఫ్ పాస్‌బుక్ వెతికి పెట్టుకోండి.

• చెప్పులతో మెషీన్ దగ్గరికి వెళ్లకండి. బూట్లే.

• ఈ పథకంలో అభ్యర్థి ఫీజు కట్టక్కర్లేదు. అడ్డా దగ్గర ‘డబ్బిస్తే ఇప్పిస్తా’ అనేవాణ్ని దూరం పెట్టండి.

• ఇది ఐటీఐ సర్టిఫికెట్ కాదు. ఐటీఐ అడిగిన నోటిఫికేషన్‌కు దీన్ని పెట్టేముందు అర్హతలు చదవండి.