లెపర్డ్ గెకో అనే పెంపుడు బల్లికి ఎప్పుడూ మీల్‌వర్మ్‌లేనా?

మీల్‌వర్మ్ అంటే ఒక రకం పెంకుపురుగు లార్వా. అందులో కొవ్వు ఎక్కువ, క్యాల్షియం తక్కువ. ఎదిగిన గెకోకు అసలు తిండిగా కీచురాళ్లో దుబియా బొద్దింకలో పెట్టి, మీల్‌వర్మ్‌లను మధ్యమధ్యలో వేయండి. మొత్తం తిండి వారానికి రెండు మూడు సార్లు, పూటకు ఐదారు పురుగులు చాలు. పురుగు లావు గెకో రెండు కళ్ల మధ్య దూరాన్ని మించొద్దు.

మార్పు కోసమైతే మా ఓటు పట్టుపురుగుకే. మెత్తగా ఉంటుంది, కొవ్వు తక్కువ. మల్బరీ సాగు చేసే రైతును అడిగితే నాలుగు పురుగులిస్తాడు. కానీ షెడ్లలో పురుగుల మీద సున్నం, క్రిమినాశక పొడి చల్లుతారు. పొడి చల్లని పురుగులే తెచ్చుకోండి. మల్బరీ ఆకు కడిగి, తడి పూర్తిగా ఆరాకే వేయాలి. తడి ఆకు తింటే పురుగులు జబ్బుపడి నల్లబడి చస్తాయి.

కీచురాళ్లకు గెకోకు పెట్టే ముందు రోజంతా క్యారెట్, గుమ్మడి ముక్కలు మేపండి. తర్వాత ప్లాస్టిక్ కవర్లో చిటికెడు క్యాల్షియం పొడితో పాటు వేసి ఆడించండి. పిండిలో పొర్లినట్టు తెల్లగా అయితే పొడి ఎక్కువైనట్టే, గెకో మొహం తిప్పుకుంటుంది.

వరంగల్ చుట్టూ పత్తి చేన్లే. అక్కడ పట్టిన మిడతను పెడితే పురుగుమందు పెట్టినట్టే. వానకాలం కిటికీలోంచి వచ్చే మిణుగురులైతే మరీ ప్రమాదం: ఒక్కటి తిన్నా ప్రాణం పోవచ్చు.

కొత్త పురుగును ముట్టకపోతే చీకటి పడ్డాక పటకారుతో కళ్ల ముందు కదిలించండి. మిగిలిన కీచురాళ్లను పావుగంటలో తీసేయాలి, లేదంటే రాత్రి గెకోనే కొరుకుతాయి.